పోర్టికో గోడ బీట, మా ఇంటి లెక్క



పోయిన నెల కూటంలో భోజనాలైనాక కల్లిగుడి పక్కనించి వచ్చిన ఒక తమ్ముడు తన ఇంటి పోర్టికో గోడ ఫోటో సెల్లులో చూపించి, "అన్నా, ఈ బీటకు ఏం చేయాల? పడగొట్టి కట్టమంటా ఉండారు" అని అడిగినాడు. చుట్టూ నలుగురు చేరినారు. ఒకరు సిమెంటు పూయమన్నారు. ఒకరు వాస్తు చూపించమన్నారు. ఇంకొకరు "పక్కింటోళ్ళు బోరు ఏసింటారు, దాంతోనే" అన్నారు. ఆ మూడో మాట వినంగానే మాకు మనసు ఒక మాదిరి అయిపోయింది. ఆ మాట మేమూ అన్నవాళ్ళమే. నాలుగేళ్ళు అన్నాము, అదీ కూడబుట్టిన తమ్ముణ్ణి. ఆ రోజు అందరి ముందర చెప్పలేకపోయింది ఇప్పుడు వివరంగా రాస్తున్నాము. కొంచెం పొడుగే, ఓపికగా చదవండి.

మా ఇల్లు తిరుమంగళంలో. వెనక భాగం మా నాయన 1974లో కట్టింది. ముందర పోర్టికో మేము 2012లో పీ.ఎఫ్. లోను తీసి చేర్చినాము. రెండు కంబాలు, పైన కాంక్రీటు మిద్దె, తూర్పు పక్క పది అడుగుల ఇటుక గోడ, దాని పొడుగునా ఒక తిన్నె. ఆ తిన్నె మా అమ్మ కోసమే కట్టింది. సాయంత్రం అయితే ఆమె ఆడ కూర్చొని దోవన పోయే మనవాళ్ళను పిలిచి తెలుగులో పలకరించాల. తూర్పు గోడకు అవతల నాలుగు అడుగుల సందు, సందుకు అవతల తమ్ముడి ఇల్లు. సందు ఇద్దరికీ పొత్తు.

2016 ఆవణిలో తమ్ముడు ఆ సందు పక్కన సంపు తవ్వినాడు. 2017 చిత్తిరైలో మా గోడకు బీట కనిపించింది. పాత ఇంటి గోడ, కొత్త పోర్టికో గోడ కలిసే చోట పైనుంచి కిందికి నిలువుగా ఒకటి. పైన చిటికెనవేలు దూరేంత, కింద వెంట్రుక మందం. ముందర మూల దగ్గర ఇటుకల సందులు పట్టుకొని మెట్లు మెట్లుగా ఇంకొకటి. ఇనప గేటు కూడా నేలకు ఒరుసుకొనింది.

సంపు తవ్వినాడు, గోడ పగిలింది. మాకు అంతకన్నా సాక్ష్యం అక్కర లేకపోయింది. పోయి అడిగినాము. అడిగినాము అనడం తప్పు, అరిచినాము. "సంపు మూసేయ్" అన్నాము. వాడు "నా సంపుకూ నీ గోడకూ ఏం సంబంధం అన్నా?" అన్నాడు. మాట పెరిగింది. ఆ ఏడు వాళ్ళింట్లో మనవరాలికి చెవులు కుట్టినప్పుడు పోయినాము, పళ్ళెం పెట్టి భోంచేయకుండా తిరిగి వచ్చినాము. అంతటితో రాకపోకలు నిలిచినాయి. సందులో ఎదురుపడితే ఇద్దరమూ చెప్పుల పక్క చూసుకొంటా పోయేవాళ్ళము.

మా అమ్మకు గోడకు పడేది బీట, నేలకు పడేది నెర్రె. బడిలో తమిళం చదివిన మాకు రెండూ వెడిప్పే. ఆ చిత్తిరైలో ఆమె తిన్నె మీద కూర్చొని, "గోడను చూసి ఎందుకురా కొట్లాడతారు? వాకిట్లో చూడండి, నేల నెర్రె విడిచి ఉండాది" అనింది. ముసలామె మాట అని మేము చెవిన పెట్టలే.

గోడకు మేము చేసిన వైద్యం ఏమంటే, కొత్తనారును పిలిపించి బీటలో సిమెంటు దూర్చి, పైన పట్టీ పెట్టి, పెయింటు కొట్టించినాము. కార్తికై వానలకు ఆ చోట పూత ఉబ్బి రాలింది. పక్కనే కొత్తగా ఇంకో గీత వచ్చింది. 2018 వేసవికి పాతది మళ్ళీ తెరుచుకొనింది. మళ్ళీ సిమెంటు. 2019లో మూడోసారి. మూడోసారి వచ్చిన కొత్తనారు "అయ్యా, ఈ గోడ నిలవదు. పడగొట్టి కట్టాల్సిందే, మూడు లక్షలు అవుతుంది. ముందర వేపచెట్టు కూడా కొట్టేయాల" అన్నాడు. ఆ ఏడు మార్గళిలో అమ్మ పోయింది. అన్నదమ్ములం ఇద్దరమూ పక్కపక్కన నిలబడి కర్మ చేసినాము, ఒక్క మాట లేకుండా.

2021 మాసిలో మా ఆఫీసులో పనిచేసిన పాత వర్క్స్ ఇన్‌స్పెక్టరు ఒకాయన మదురై నుంచి పెళ్ళి పత్రిక ఇచ్చేదానికి వచ్చినాడు. కాఫీ తాగుతా గోడ చూసినాడు. "ఎన్నిసార్లు పూసినారు?" అన్నాడు. మూడుసార్లు అన్నాము. "ఒక్కసారన్నా కొలిచినారా?" అన్నాడు. మేము తల వంచుకొన్నాము. ఎందుకంటే మేము రైల్వేలో వర్క్స్ ఆఫీసు క్లర్కులము. వంతెన గోడ పగిలితే, క్వార్టర్సు గోడ పగిలితే, "బీట మీద టెల్‌టేల్ గాజు అతికించి, తేదీ వేసి గమనించవలెను" అనే వాక్యాన్ని ఎన్ని ఫైళ్ళలో టైపు కొట్టినామో లెక్క లేదు. మన ఇంటి గోడకు ఆ వాక్యం గుర్తుకు రాలే.

ఆయన చెప్పింది, మేము చేసింది ఇది. మీకూ పనికి వస్తుందని వరుసగా రాస్తున్నాము.

మొదట బీట ఆకారం చూడాల. పూత మీద వల మాదిరి సన్న గీతలు ఉంటే అది పూత ఎండిన దోషం, గోడకు సంబంధం లేదు. భారత ప్రమాణాల సంస్థ 1984లో ఇళ్ళ బీటల మీదనే ఎస్.పి. 25 అని ఒక పుస్తకం వేసింది. అందులో 1 మిల్లీమీటరు లోపల ఉంటే సన్నది, 1 నుంచి 2 దాకా మధ్యరకం, 2 దాటితే వెడల్పుది అని లెక్క. మాది పైన 9 ఉంది. పైన వెడల్పు, కింద సన్నం అంటే గోడ ముందర కొస కిందికి దిగి, గోడ మొత్తం పాత ఇంటినుంచి ముందరికి వాలిందని అర్థం. మెట్ల బీటా, గేటు ఒరుసుకోవడమూ అదే చెప్తాయి. తప్పు కలిసే చోట లేదు, ముందర మూల కింద ఉంది. మేము మూడుసార్లు మందు పెట్టింది నొప్పి లేని చోట.

రెండోది, బీట కదులుతా ఉందా, నిలిచిపోయిందా అని తెలుసుకోవాల. బీటకు అడ్డంగా పలచని గాజు పలక పెట్టి రెండు కొసలూ అతికించి తేదీ వేసినాము. గాజు పగిలితే కదిలినట్టు. ఎంత కదిలిందో గాజు చెప్పదు కాబట్టి, బీటకు రెండు పక్కలా రెండు స్టీలు స్క్రూలు బిగించి, వాటి మధ్య దూరం నెలకు ఒకసారి వెర్నియర్‌తో కొలిచి నోటు పుస్తకంలో రాసినాము. ఇంటామె కొలత చదివేది, మేము రాసేవాళ్ళము. ఆ లెక్కన బీట వెడల్పు వైకాసిలో 9 మిల్లీమీటర్లు. ఐప్పసి చివర 6. మార్గళిలో 4. మాసిలో 5. మళ్ళీ వైకాసికి ఎనిమిదిన్నర.

ఈ అంకెలు చూసినాక మాకు రాత్రి నిద్ర పట్టలే. సంపు కారి నేల కుంగి ఉంటే బీట పెరుగుతానే పోవాల, లేదా ఒక చోట నిలవాల. వానకు మూసుకొని ఎండకు తెరుచుకొనేది సంపు చేసే పని కాదు. అది మన నేల చేసే పని.

మన నేల సంగతి మీకు తెలియంది కాదు. తిరుమంగళం నుంచి విరుదునగర్, కోవిల్‌పట్టి దాకా నల్లరేగడి, కరిసల్. మన పెద్దలు వచ్చి అడివి కొట్టి పత్తి పెట్టిన భూమి. ఆ కథను తమిళంలో రాసిన ఇడైసేవల్ కి. రాజనారాయణన్ గారు మన తెలుగు ఇంటి బిడ్డే. 1991లో ఆయనకు సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది 'గోపల్లపురత్తు మక్కళ్' నవలకు. పత్తికి ఆ నేల తల్లి, ఇంటికి మటుకు సవతి. ఆ మన్నులో మాంట్‌మొరిల్లోనైట్ అనే జాతి బంక ఎక్కువ. దాని పొరలు పుస్తకం పుటల మాదిరి ఉంటాయి. నీళ్ళు తగిలితే పుటల మధ్యకు దూరి ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకొని నెర్రెలు విడుస్తుంది. మన దేశంలో రేగడి నేలల్లో ఈ ఆట సుమారు మూడున్నర మీటర్ల లోతు దాకా నడుస్తుందని ఇంజనీర్ల లెక్క. అందుకనే రూర్కీలోని సీబీఆర్‌ఐ వాళ్ళు ఇలాంటి నేలలకని అండర్‌రీమ్డ్ పైలు అనేదాన్ని తయారు చేసినారు. అడుగున ఉల్లిగడ్డ మాదిరి ఉబ్బిన కాంక్రీటు కంబం అది.

ఇంక 2017నే బీట ఎందుకు కనిపించింది? 2015లో తమిళనాడంతా వాన ముంచెత్తింది. 2016లో ఈశాన్య రుతుపవనం పూర్తిగా మోసం చేసింది. 2017 జనవరిలో ప్రభుత్వం అన్ని జిల్లాలనూ కరువు జిల్లాలని ప్రకటించింది. తడిసి ఉబ్బిన నేల ఆ ఏడు ఎన్నడూ లేనంత ఎండింది. తమ్ముడు సంపు తవ్వింది సరిగ్గా ఆ కరువుకు ముందర. వాడు చేసిన నేరం అంతే.

మూడోది, పునాది చూడాల. దానికి గోడ అవతలి పక్క తవ్వాల. అవతలి పక్క అంటే సందు. సందు పొత్తు. తమ్ముడు సరే అనకుండా పార పెట్టలేము. రెండు రోజులు ఆలోచించినాము. ఇంటామె "నోటు పుస్తకం చేత్తో పట్టుకొని పోదాం పదండి" అనింది. పోయినాము. నాలుగేళ్ళ తర్వాత ఆ గడప తొక్కింది. మరదలు నీళ్ళు తెచ్చి ఇచ్చి లోపలికి పోయింది. మేము పుస్తకం తెరిచి అంకెలు చూపించి, "సంపు కాదురా, నేల. మేము తప్పు మాట్లాడినాము" అన్నాము. వాడు అంకెలన్నీ వేలు పెట్టి చదివినాడు. చాలాసేపు మాట్లాడలే. తర్వాత, "ఏమైనా ముందు నా సంపును పరీక్ష చేయి అన్నా. రేపు ఇంకెవరూ మళ్ళీ అనకూడదు" అన్నాడు.

చేసినాము. సంపు నిండా నీళ్ళు పట్టి, మోటరు ఆపి, మూత వేసి, నీటి మట్టం దగ్గర గీత గీసి మూడు రోజులు వదిలినాము. గీత దగ్గరే నీళ్ళు ఉన్నాయి. తర్వాత నీళ్ళన్నీ తోడేసి గుంత తవ్వించినాము. వాడే నిలబడి తవ్వించినాడు.

గుంతలో మూడు విషయాలు బయటపడినాయి. ఒకటి, మా నాయన కట్టిన పాత ఇంటి పునాది ఏడు అడుగుల లోతు, నల్లమన్ను దాటి సున్నపు గుల్లలు కలిసిన గట్టి నేల మీద నిలిచింది. మేము కట్టించిన పోర్టికో పునాది ఒకటిన్నర అడుగు, నట్టనడి నల్లమన్నులో తేలుతా ఉంది. పాతది కదలదు, కొత్తది ఏడాదికి ఒకసారి ఎక్కి దిగుతుంది, రెండింటినీ కలిపి ఇటుకలు కట్టి పూసేసినాము. మధ్యలో తెగకుండా ఎట్లుంటుంది? రెండు, పోర్టికో మిద్దె మీది వాన నీళ్ళ పైపు సరిగ్గా ఆ ముందర మూల కిందనే వదిలి ఉంది. వానకు ఆ మూల మటుకు ఊరికన్నా ముందు ఉబ్బేది. మూడు, అమ్మ నాటిన వేపచెట్టు వేరు మణికట్టు మందం, ఆ మూల కిందికే వచ్చి ఉంది. ఎండకాలం ఉన్న తేమంతా అది తాగేస్తుంది.

తమ్ముడు గుంతలోకి చూసి, "అన్నా, ఆ పైపు సంగతి పోర్టికో కట్టేటప్పుడే చెప్తిని గదా" అన్నాడు. చెప్పినాడు. 2012లో చెప్పినాడు. మాకు అప్పుడు గుర్తుకు వచ్చింది.

ఆ గుంత మన్నునే తెచ్చి ఇంట్లో ఒక పరీక్ష చేసినాము. మీరూ చేయవచ్చు. మన్ను బాగా ఎండబెట్టి, దంచి, సన్న జల్లెడ పట్టి, 10 గ్రాములు రెండు కొలత గాజుల్లో వేయాల. ఒక దాంట్లో కిరోసిన్, ఒక దాంట్లో నీళ్ళు. బాగా కలిపి ఒక రోజు కదపకుండా పెట్టాల. కిరోసిన్‌కు మన్ను ఉబ్బదు. మాకు కిరోసిన్ గాజులో మన్ను 11 మిల్లీలీటర్లు నిలిచింది, నీళ్ళ గాజులో 19. అంటే నూటికి 73 వంతులు ఉబ్బింది. 50 దాటితేనే జాగ్రత్త పడాల్సిన నేల.

ఇంక మరమ్మతు. ఇన్‌స్పెక్టరు చెప్పిన వరుస: ముందు నీళ్ళు, తర్వాత నేల, చివర గోడ. మేము నాలుగేళ్ళు గోడతోనే మొదలుపెట్టి గోడతోనే ముగించినాము.

నీళ్ళు: పైపును పొడిగించి వీధి కాలవ దాకా తీసుకొని పోయినాము. ఇది రెండు వేల రూపాయల పని.

చెట్టు: కొత్తనారు చెప్పినట్టు కొట్టేయలే. పెద్ద చెట్టును ఉన్నట్టుండి కొట్టేస్తే, అది తాగుతా ఉండిన తేమంతా నేలలో నిలిచి నేల పైకి ఉబ్బుతుంది, దాంతో గోడ ఇంకో పక్క పగులుతుంది. చెట్టుకు గోడకు మధ్య నాలుగు అడుగుల లోతు కాలవ తీసి, దాటి వచ్చిన వేర్లు కోసి, మందం ప్లాస్టిక్ షీటు నిలబెట్టి మూసినాము. కొమ్మలు ఏడాదికి ఒకసారి తగ్గిస్తున్నాము. అమ్మ చెట్టు అట్లే ఉంది.

నేల: 2022 వైకాసిలో, నేల ఎండి ఉన్నప్పుడు, మిద్దెకు కింద ఇనప ముట్లు నిలబెట్టి బరువు ఆపి, గోడ కింద మూడు అడుగులకు ఒక ముక్క చొప్పున, ఒక ముక్క విడిచి ఒక ముక్క తవ్వి, గట్టి నేల దాకా కాంక్రీటు దించినాము. ముందర కంబాలకూ అట్లే చేసినాము. ఒకేసారి మొత్తం తవ్వితే గోడ మీద పడుతుంది. ఇది తెలిసిన ఇంజనీరు దగ్గర ఉండి చేయించాల్సిన పని, మేమూ అట్లే చేయించినాము. తర్వాత గోడ చుట్టూ నాలుగు అడుగుల వెడల్పున గ్రావెల్ మీద కాంక్రీటు పరిచి, వాలు బయటికి పెట్టినాము. దాని వల్ల గోడ పక్క మన్ను ఒక్కసారిగా తడవదు, ఒక్కసారిగా ఎండదు.

గోడ: ఒక వానకాలం చూసినాము. 2023 మాసిలో, బీట మరీ తెరుచుకోకుండా మరీ మూసుకోకుండా ఉన్న సమయంలో, పాత గోడకు కొత్త గోడకు మధ్య ఉన్న పాత సిమెంటంతా చెక్కి, మిషనుతో 12 మిల్లీమీటర్ల నిలువు సందు తిన్నగా కోసినాము. లోపల నురుగు తాడు దూర్చి, పైన పాలీసల్ఫైడ్ అనే రబ్బరు మాదిరి సీలెంటు నింపినాము. సిమెంటు చుక్క కూడా లేదు. ఎందుకంటే వేసవిలో తెరుచుకొన్న బీటలో సిమెంటు నింపితే అది చీలిక పెట్టినట్టు. వానకు గోడ వెనక్కి రావాలంటే చోటు ఉండదు, ఇంకో చోట పగులుతుంది. మేము మూడేళ్ళు మా గోడలో మా చేత్తోనే చీలికలు దిగ్గొట్టినాము. మెట్ల బీటకు మటుకు ఇటుకల సందులు ఒక అంగుళం లోతు గీకి, కొన్ని వరసలకు ఒకసారి 6 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ కడ్డీ బీటకు రెండు పక్కలా అరమీటరు పోయేటట్టు పెట్టి, సిమెంటు ఒకటి, సున్నం ఒకటి, ఇసక ఆరు పాళ్ళ మెత్తని కలపతో మూసినాము.

మొత్తం ఖర్చు 86 వేలు. పడగొట్టి అదే ఒకటిన్నర అడుగు పునాది మీద కట్టి ఉంటే మూడు లక్షలు పోయి, తర్వాతి కరువుకు అదే బీట వచ్చి ఉండేది.

ఒక మాట జాగ్రత్తగా వినండి. ఏడాది కొలిచి చూద్దాం అనేది అన్ని బీటలకూ కాదు. కంబంలోనో దూలంలోనో బీట ఉండి తుప్పు రంగు కారుతా ఉంటే, మిద్దె కిందికి వంగి ఉంటే, బీట రోజు రోజుకూ పెరుగుతా ఉంటే, ఆ పొద్దే ముట్లు పెట్టి కింద మనుషులను కూర్చోనీకుండా ఇంజనీరును పిలవండి.

ఇప్పుడు మా సీలెంటు సందు చిత్తిరైలో ఒక మిల్లీమీటరు తెరుచుకొంటుంది, కార్తికైలో మూసుకొంటుంది. కొలవడం మానలే. ఈమధ్య తమ్ముడు కూడా వచ్చి వెర్నియర్ పట్టుకొంటున్నాడు. కొలిచినాక ఇద్దరమూ తిన్నె మీద కూర్చొంటాము. అమ్మ కూర్చొనే చోటు మటుకు విడిచి కూర్చొంటాము, ఎవరు చెప్పిందీ లేదు. ఆమె నేలను చూడమన్న రోజు చూసి ఉంటే, మా ఇద్దరినీ రెండు పక్కలా పెట్టుకొని రెండేళ్ళు కూర్చొని ఉండేది. దానికి మాత్రం మరమ్మతు లేదు.

కల్లిగుడి తమ్ముడూ, ఆదివారం వస్తాము. గాజు పలకా, వెర్నియరూ మేము తెస్తాము. ఒక కొత్త నోటు పుస్తకం నువ్వు కొని పెట్టు. అంతదాకా పక్కింటోళ్ళను ఏమీ అనవద్దు.